వంతెనకు ఒంట్లో బాగాలేదు

ఆ ఉదయం ఇంజనీరు మిజోగుచి వేసుకున్న పథకం చాలా చిన్నది. వాగు మీది పాత ఇనుప వంతెన కదలికలను తన కంప్యూటర్‌కు వినిపించి, దానిచేత "గట్టిగానే ఉంది" అనిపించి, పురపాలక అధికారి కురాతా చేత సరేననిపించుకుని, ఇంటికెళ్ళి వేడివేడి మిసో సూపు తాగడం. అలా అనిపించలేకపోతే వంతెనను కూల్చేస్తారు. కంప్యూటర్ మాటంటే ఊరంతటికీ భక్తి ఉన్న రోజులవి.

అది మనిషి మెదడులా చూసి నేర్చుకునే ప్రోగ్రాము. వంతెన కింద పరికరాలు కట్టి, వేసవంతా రోజూ పొద్దున్నే దానికి పాఠం చెప్పాడు: ఇలా ఊగితే ఆరోగ్యం, అలా ఊగకపోతే జబ్బు. ఆ వేళకే వంతెన మీద ముసలివాళ్ళు రేడియో వ్యాయామం, అంటే పియానో పాటకు గెంతుతూ చేసే కసరత్తు, చేస్తారు. అధికారి ముందు అల్లరెందుకని, ఆ ఒక్కరోజుకు ఒడ్డున ఉండమని వాళ్ళను బతిమాలాడు. వాళ్ళ నాయకురాలు ఫుసాయె బామ్మ మూతి ముడుచుకుంది. పెళ్ళికూతురుగా ఆవిడ ఆ ఊళ్ళో అడుగుపెట్టింది ఆ వంతెన మీదుగానే.

మీట నొక్కగానే తెర ఎర్రబడింది. వంతెన ప్రమాదంలో ఉందట. మిజోగుచి కంగారుపడి అందరినీ ఇంకా దూరం జరిపాడు. తెర ఇంకా ఎర్రబడింది. కురాతా అగ్నిమాపక దళాన్ని పిలిపించి తాళ్ళు కట్టించాడు. బండి మీద టోఫు అనే సోయా పనీరు అమ్మేవాడు అవతలి ఒడ్డున చిక్కుకుపోయాడు. వంతెన పడిపోవచ్చని మైకులో చెబితే, సగం ఊరు అది పడిపోయిందని విని పరుగెత్తుకొచ్చి, నిలబడే ఉండటం చూసి చిన్నబుచ్చుకుంది.

బామ్మకు ఓపిక నశించింది. వ్యాయామం పాటల టేప్ రికార్డరు చంకన పెట్టుకుని, తన దండుతో సహా తాడు దాటింది.

"బామ్మగారూ, పడిపోతుందండీ" అన్నాడు మిజోగుచి ఏడుపు గొంతుతో.

"నా మోకాళ్ళకంటే అదే నయం నాయనా. తప్పుకో."

టేపులో పియానో మోగింది. అందరూ ఒక్కసారిగా గెంతారు. తెర పచ్చబడింది. పాట ఆగింది, తెర మళ్ళీ ఎర్రబడింది.

కురాతా తెరనూ బామ్మనూ మార్చి మార్చి చూశాడు. "అంటే ఈవిడ గెంతుతుంటేనే వంతెనకు ఆరోగ్యమా?"

మిజోగుచి తల దించుకున్నాడు. "నేను నేర్పింది అదేనండీ. వీళ్ళు లేని వంతెనను అది ఎప్పుడూ చూడలేదు."

కురాతా వంతెన మీద ఇసుక బస్తాలు పేర్పించి పాత పద్ధతిలో పరీక్ష చేయించాడు. వంతెన నిక్షేపంగా ఉందని తేలి, అలాగే ఉండిపోయింది. ఆ పొద్దులు తలుచుకుంటే ఊళ్ళోవాళ్ళకు ఇప్పటికీ ప్రాణం లేచివస్తుంది. వాగు మీద మంచు, పియానో పాట, కాళ్ళకింద వంతెన వణుకు, దూరంగా టోఫు బండి బూర. బామ్మ పోయి చాలా ఏళ్ళయింది. దండులోవాళ్ళూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఒడ్డునున్న గదిలో ఆ కంప్యూటర్ మాత్రం ఇంకా ఉంది. మీట నొక్కితే వంతెనకు ఒంట్లో బాగాలేదనే అంటుంది.

సరిదిద్దమని మిజోగుచిని ఇంతవరకు ఎవరూ అడగలేదు.