ప్రిపరేషన్‌లో ఉన్నవాడి వైభోగం

ఉద్యోగం చేస్తూ బిజినెస్ స్కూలు ప్రవేశ పరీక్షకు ప్రిపేరవడాన్ని మించిన వైభోగం మనిషి జన్మకు ఇంకొకటి లేదు. ఈ మాట ఊరికే అనడం లేదు, ఆరేళ్ళ అనుభవంతో అంటున్నాను.

గమనించండి, పరీక్ష రాయడం వైభోగం అనలేదు. పాసవడం అసలే అనలేదు. ప్రిపేరవడం! ఈ తేడా తెలియని అమాయకులు ఏటా వేలల్లో ఉంటారు. నాలుగు నెలలు చదువుతారు, పరీక్ష రాస్తారు, ఫలితం చూసుకుంటారు, ఏదో ఒకటి తేలిపోతుంది. పాపం, వాళ్ళ ప్రిపరేషన్ అక్కడితో సరి. నాది అలా అర్ధాంతరంగా ముగిసేది కాదు.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను మందులు పోసే గాజు సీసాల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేస్తాను. నా ముందు బెల్టు మీద సీసాలు నడిచి వెళ్తుంటాయి. వాటి వెనక తెల్లటి లైటు తెర. సన్నటి పగులుందా, లోపల బుడగ ఉందా, మూతి వంకర పోయిందా అని చూడాలి. ఒక్కో సీసాకు ఒకటిన్నర సెకను. బాగున్నదాన్ని పోనివ్వాలి. బాగాలేనిదాన్ని పక్కనున్న ఇనప డబ్బాలో వేయాలి. అది అక్కడే భళ్ళుమంటుంది.

పదకొండేళ్ళుగా ఇదే పని. అంటే, ఇతరుల యోగ్యతను ఒకటిన్నర సెకనులో తేల్చిపారేసే అధికారిని నేను. అలాంటివాడి యోగ్యతను తేల్చడానికి ఎవరో రెండు గంటల పరీక్ష పెట్టడమేమిటి?

సరే, వైభోగం సంగతికి వద్దాం.

మా స్నానాల గదిలో కుళాయి కారుతుంది. రెండేళ్ళయింది. మామూలు మగవాడైతే ఇంట్లో ఈపాటికి ఎన్ని మాటలు పడేవాడు! నేను పడలేదు. "పరీక్ష అవ్వనీ" అన్నాను, అంతే. పైగా నిమిషానికి ఇరవై రెండు చుక్కల చొప్పున కారే కుళాయి ఒక బకెట్టును ఎంతసేపట్లో నింపుతుందో నోటి లెక్కతో చెప్పగలను. వాషరు మార్చడం సిలబస్‌లో లేదు.

బంధువుల ఇళ్ళలో శుభకార్యాలకు వెళ్ళక్కర్లేదు. వెళ్ళినా ఎవరూ పని చెప్పరు. "ఆయన్ని కదపకండి, చదువుకుంటున్నారు" అని మా అత్తగారు నాకో కుర్చీ వేసి గోడ వైపు తిప్పుతారు. ముప్పై ఆరేళ్ళ వయసులో ఈ మర్యాద ఇంకెవరికి దక్కుతుంది?

ఇక ఫ్యాక్టరీలో నా హోదా చెప్పనలవి కాదు. మొదటి ఏడాది మా సూపర్‌వైజర్ నన్ను "కాబోయే మేనేజరు గారూ" అని పిలిచేవాడు. మూడో ఏడాదికి అది "మేనేజరు గారూ" అయింది. చూశారా, ఇంకా సీటు రాకముందే ప్రమోషను! ఇప్పుడు లోడింగ్ వాళ్ళతో సహా అందరూ "ఒరే మేనేజరూ" అంటున్నారు.

పోయిన ఏడు షిఫ్టు ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయింది. సీనియారిటీ ప్రకారం నాది. దాన్ని నాకన్నా నాలుగేళ్ళు వెనక చేరినవాడికిచ్చారు. ఎందుకని సూపర్‌వైజర్‌ను అడిగాను.

"నువ్వెలాగూ వెళ్ళిపోయేవాడివి కదయ్యా. నిన్నెందుకు ఇందులో ఇరికించడం?" అన్నాడు.

నా భవిష్యత్తు మీద అతనికున్న నమ్మకం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. చాలాసేపు చెమరుస్తూనే ఉన్నాయి.

అయినా ఇవన్నీ పైపై లాభాలు. అసలు లాభం మనసుకు సంబంధించింది. నాతో చదువుకున్నవాళ్ళు ఎవరెవరు ఎక్కడెక్కడ ఉన్నారో విన్నప్పుడు మీకు లోపల ఏదో గుచ్చుకుంటుంది కదా? నాకు గుచ్చుకోదు. నేనింకా మొదలుపెట్టలేదు మరి. మొదలుపెట్టనివాడు వెనకబడటం ఎలా సాధ్యం? నేనెంత తెలివైనవాడినో ఇంతవరకు ఎవరికీ తెలియదు, నాతో సహా. ఆ రహస్యాన్ని ఆరేళ్ళుగా కంటికి రెప్పలా కాపాడుకొస్తున్నాను.

కాపాడటం తేలికనుకోకండి. దానికి చాలా శ్రమ పడాలి. టైమ్ టేబుల్ వేయాలి. నాలుగో ఏడు వేసినదానికి మూడు వారాలు పట్టింది, అయిదు రంగులు వాడాను, లామినేషన్ కూడా చేయించాను. అంత అందమైన కాగితాన్ని చూస్తూ కూర్చోవాలనిపిస్తుంది గానీ, లేచి చదవాలని ఎవరికనిపిస్తుంది? మాక్ టెస్టులు రాయాలి. రాసి, ఇంకో అయిదు నిమిషాల్లో సబ్మిట్ నొక్కాల్సి ఉండగా ఏదో పని గుర్తొచ్చి లేవాలి. లేచి, "నొక్కి ఉంటే మంచి మార్కులే వచ్చేవి" అనుకోవాలి. ఇలా ఎనభై ఏడు మాక్ టెస్టులు రాశాను. ఒక్కదాంట్లోనూ తప్పలేదు.

ఈ తపస్సుకు చోటు కావాలి కదా. మాది రెండు గదుల ఇల్లు. వెలుతురున్న కిటికీ ఒక్కటే. ఆ కిటికీ దగ్గర మా ఆవిడ కుట్టుమిషను ఉండేది. బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టేది. ఆరేళ్ళ కిందట, "ఒక్క నాలుగు నెలలు. పరీక్ష అవ్వగానే మళ్ళీ పెట్టుకుందువుగానీ" అన్నాను. ఆవిడ సరేనంది. మిషను బాల్కనీలోకి వెళ్ళింది, పాత దుప్పటి కప్పుకుని. కిటికీ దగ్గరికి నా టేబులు వచ్చింది.

మొదట్లో తల్లులు గుడ్డలు పట్టుకుని వచ్చేవాళ్ళు. "ఆయన పరీక్ష అయ్యాక" అనేది మా ఆవిడ. కొన్నాళ్ళకు వాళ్ళు వేరే చోటు చూసుకున్నారు. ఆవిడ మాత్రం ప్రతి ఆదివారం దుప్పటి తీసి మిషనుకు నూనె వేసి, ఒకసారి చక్రం తిప్పి, మళ్ళీ కప్పేస్తుంది. నేను లోపలినుంచి ఆ చప్పుడు విని పేజీ తిప్పుతాను.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఇంతకీ ఆరేళ్ళలో పరీక్ష ఎన్నిసార్లు రాశావు?

మంచి ప్రశ్న. వివరంగా చెబుతాను. మొదటి ఏడు ఆ రోజు డబుల్ షిఫ్టు పడింది. పడేలా నేనే అడిగి వేయించుకున్నాననుకోండి. రెండో ఏడు జ్వరం. మూడో ఏడు, జ్వరం వస్తుందేమోనన్న అనుమానం. నాలుగో ఏడు గేటు దాకా వెళ్ళాను. గేటుకు ఎదురుగా ఉన్న బెంచీ మీద రెండు గంటలు కూర్చుని, అందరితో పాటు లేచి ఇంటికొచ్చి, "పేపరు కష్టంగా ఇచ్చారు" అన్నాను. అబద్ధం కాదు. లోపలికి వెళ్ళలేనంత కష్టంగా ఇచ్చారు. అయిదో ఏడూ అదే బెంచీ. అన్నీ కలిపితే ఎన్నిసార్లయిందో మీరే కూడుకోండి. నాకు లెక్కల్లో ఇంకా ప్రిపరేషన్ కావాలి.

ఇలా సాఫీగా సాగిపోతున్న నా జీవితంలో మొన్న శుక్రవారం చిన్న అపశ్రుతి దొర్లింది.

మా బెల్టు దగ్గర డబ్బాతో పాటు ఒక పసుపు రంగు ట్రే ఉంటుంది. బాగుందో లేదో వెంటనే తేలని సీసాను అందులో పెట్టుకోవచ్చు. దాన్ని 'చూద్దాం ట్రే' అంటాం. దానికొక నియమం ఉంది. షిఫ్టు సైరను మోగేలోగా ఆ ట్రే ఖాళీ అయిపోవాలి. ప్రతి సీసా బెల్టుకో, డబ్బాకో వెళ్ళిపోవాలి. రాత్రికి ట్రేలో ఏదీ మిగలకూడదు.

నా పక్క బెల్టు మీద ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడుంది. అందరం భూతద్దం అక్క అంటాం. సైరనుకు పావుగంట ముందు ఆవిడ మెడ చాచి నా ట్రేలోకి చూసింది. అందులో ముప్పై దాకా సీసాలున్నాయి.

"ఏంటి తమ్ముడూ, సంతానం పెంచుతున్నావా?"

"అనుమానంగా ఉన్నాయక్కా. మళ్ళీ చూద్దామని."

"భోజనాల నుంచీ మళ్ళీ చూద్దామనే అంటున్నావు. చూశావా మరి?"

"చూస్తే తేల్చాలి కదక్కా."

ఆవిడ ఒక సీసా తీసి లైటుకు పెట్టి తిప్పింది. డబ్బాలో వేసింది. భళ్ళుమంది. ఇంకోటి తీసింది. "దీనికేం రోగం? నిక్షేపంలా ఉంది. పాపం, మధ్యాహ్నం నుంచీ నిలబెట్టావు" అంటూ బెల్టు మీద పెట్టింది.

"పగలగొట్టడానికి చెయ్యి రాదక్కా."

"పగిలితే కొంపేం మునిగింది? ఆ ముక్కలన్నీ రేపు ఫర్నేసులో పడి మళ్ళీ సీసాలవుతాయి. ఎటూ కానిదంటే ఈ ట్రేలోదే. ఇందులో మందూ పొయ్యరు, దీన్ని కరిగించనూ కరిగించరు." ఇంకో సీసా తీస్తూ, నా వైపు చూడకుండానే అంది. "ఈ ఆదివారమేగా నీ పరీక్ష? ఈసారన్నా లోపలికెళ్తావా?"

"అదేంటక్కా? ఏటా వెళ్తూనే ఉన్నా కదా."

"మా వాడు పదో తరగతి రెండుసార్లు తప్పాడు. తప్పినోడి మొహం నాకు తెలుసు. నీ మొహం ఎప్పుడూ అలా లేదు. నెగ్గినోడిలానూ లేదు. ఇరవై ఆరేళ్ళుగా పగుళ్ళు చూసి బతుకుతున్నదాన్ని, నాకా చెప్తావు?"

మేనేజ్‌మెంటు శాస్త్రం చదువుకోనివాళ్ళు ఇలాగే మాట్లాడతారు. నేను పట్టించుకోలేదు. శనివారం సాయంత్రానికే యథాప్రకారం ఒక తలనొప్పి సిద్ధం చేసుకున్నాను.

ఆదివారం పొద్దున లేచి గదిలోకి వచ్చేసరికి కిటికీ దగ్గర నా టేబులు లేదు. కుట్టుమిషను ఉంది. దాని ముందు మా ఆవిడ కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. నా పుస్తకాలు అట్టపెట్టెలో ఉన్నాయి. పైన లామినేషన్ టైమ్ టేబుల్ మూతలా కప్పి ఉంది.

"ఇదేంటి?"

"మిషను."

"అది కనపడుతూనే ఉంది. నా టేబులేది?"

"బాల్కనీలో. పరీక్ష అయ్యాక పెట్టుకోమన్నారుగా."

"ఇంకా అవ్వలేదు కదే."

"మధ్యాహ్నానికి అయిపోతుందిగా. పద్నాలుగు యూనిఫారాలు ఒప్పుకున్నా. పదింటికి కొలతలకు వస్తారు. కొత్తగా చేరేవాళ్ళు ఆడపిల్లలు, మీరిక్కడుంటే సిగ్గుపడతారు."

"తల నొప్పిగా ఉంది."

"అయ్యో. బాల్కనీలో పడుకోండి మరి. తొమ్మిది దాకా ఎండ రాదు."

అప్పుడు టైము ఎనిమిదిన్నర. ఆవిడ దారం పంటితో తెంపి, మిషను సొరుగు లాగి, నా హాల్ టికెట్ తీసి ఇచ్చింది. లోపలికి వెళ్ళినవాళ్ళ హాల్ టికెట్ మీద అక్కడ గుండ్రటి ముద్ర వేస్తారు. మా ఇంట్లో పాతవి అయిదున్నాయి, అయిదూ శుభ్రంగా ఉన్నాయి. వాటిని ఆవిడ ఎప్పుడూ చూడలేదని నా నమ్మకం.

"ఈసారి ముద్ర వేయించుకు రండి" అంది.

నేను చెప్పులు వేసుకున్నాను.

పాఠకులారా, పట్టుదలతో పరీక్ష రాసినవాళ్ళ కథలు మీరు చాలా విని ఉంటారు. ఇంట్లో కూర్చోవడానికి చోటు లేక పరీక్ష రాసిన మొదటి మనిషిని నేనే.

గేటు దగ్గర గార్డు మర్యాదగా ఆపాడు. "పిల్లల్ని దింపేవాళ్ళు ఇక్కడిదాకే సార్. ఆ బెంచీ మీద కూర్చోండి" అని నా బెంచీనే చూపించాడు. నేను హాల్ టికెట్ చూపించాను. అతను ఫోటోను చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫోటోను చూశాడు. అది ఆరేళ్ళ నాటి ఫోటో.

లోపల కంప్యూటరు. ప్రతి ప్రశ్నకూ కింద రెండు బటన్లు. ఒకటి జవాబు ఖాయం చేయడానికి, రెండోది 'మళ్ళీ చూద్దాం' అని పక్కన పెట్టుకోవడానికి. ఈ రెండోది ఎవరో నాకోసమే చేసినట్టున్నారు! గంటా యాభై నిమిషాలు గడిచేసరికి నేను పక్కన పెట్టుకున్నవి నలభై మూడు. తెర పక్కన వాటి గళ్ళన్నీ వరసగా వెలుగుతున్నాయి. ఆ రంగు కూడా పసుపే.

ఇంకో పది నిమిషాల్లో సైరను మోగుతుంది. నా చేతికి అలవాటైన పని ఒక్కటే. ఒక్కో ప్రశ్ననూ లైటుకు పెట్టి చూశాను, బెల్టుకో డబ్బాకో వేశాను. కుళాయి లెక్క ఒకటి వచ్చింది, అది బెల్టు మీదకెళ్ళింది. చాలావరకు డబ్బాలోకే వెళ్ళాయి. భళ్ళు, భళ్ళు. చెవుల్లో ఆ చప్పుడు వినపడుతూనే ఉంది. విచిత్రమేమిటంటే, చెయ్యి వచ్చింది. గళ్ళన్నీ ఖాళీ అయ్యాక, లేచి వెళ్ళడానికి ఏ పనీ గుర్తు రాలేదు. సబ్మిట్ నొక్కాను.

అప్పటికప్పుడే తెర మీద మార్కులు పడ్డాయి. నూటికి ముప్పై నాలుగు.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయిందని మీరంటారు. అన్యాయం. ఆరేళ్ళలో నేను కొండ దగ్గరికి వెళ్ళింది ఆ రెండు గంటలే.

ఉద్యోగం నాకు టైమివ్వడం లేదని ఆరేళ్ళుగా కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఆ మాటను ఇందుమూలంగా వెనక్కి తీసుకుంటున్నాను. ఉద్యోగం రోజుకు ఎనిమిది గంటలే తీసుకుంది. మిగతా పదహారూ ప్రిపరేషన్ తినేసింది. నావీ, కిటికీ దగ్గర కూర్చోవాల్సిన ఇంకో మనిషివీ.

ఇంటికి వెళ్ళేసరికి మిషను నడుస్తోంది. మా ఆవిడ తలెత్తకుండానే చెయ్యి చాచింది. హాల్ టికెట్ ఇచ్చాను. ముద్ర వంక చూసింది.

"ఎంతొచ్చింది?"

"ముప్పై నాలుగు."

"సరే. ఆ కత్తెర ఇలా ఇవ్వండి."

అంతే! ఆరేళ్ళు దాచిన రహస్యం బయటపడితే ఇల్లు కూలుతుందనుకున్నాను. కత్తెర అందించి, స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి వాషరు మార్చాను. పదకొండు నిమిషాలు పట్టింది.

సోమవారం పొద్దున ఫ్యాక్టరీకి వెళ్ళాను. నా వైభోగం ముగిసిందని ఎవరికీ చెప్పలేదు. భూతద్దం అక్క సీసాల మీంచి చూపు తిప్పి, తెల్లటి లైటు ముందు నిలబడ్డ నా మొహాన్ని ఒకటిన్నర సెకను చూసింది.

"తప్పావా?"

"తప్పానక్కా."

"అదీ. ఇప్పుడు బాగుంది" అని తన బెల్టు వైపు తిరిగింది.