పదమూడు గళ్ళ అడ్డాకు

ఒక పెద్ద అడవిలో దొంగలు లేరు. నమ్మనివారు ఆ అడవి మండలి రికార్డులు చూసుకోవచ్చు. రికార్డులకు అక్కడ ఏనాడూ కొదవ లేదు.

ఆ అడవి పేరు మద్దికోన. మండలి అధ్యక్షుడు భీమప్ప అనే అడవిదున్న. నెమరు ఆపి ఆయన పలికే మాట ఒక్కటే: "కానివ్వండి." కార్యదర్శి సుగంధరావు అనే పునుగుపిల్లి. ఆయన రాకముందే ఆయన పరిమళం వచ్చి కూర్చునేది; ఆయన వెళ్ళిపోయిన తరువాత కూడ అది కాసేపు సమావేశం నడిపేది. వ్రాయసగాడు శల్యయ్య అనే ముళ్ళపంది. తన వీపు మీది ముల్లు ఒకటి పీకి, దానినే గంటంగా పట్టి, ఆకు మీద గీసి వ్రాసేవాడు. ఇరవై ఏళ్ళ కొలువులో అబద్ధం ఒక్కటి వ్రాయలేదు. అవసరం లేని మాట ఒక్కటి పలకలేదు.

ఆ యేడు రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండల్లో, ఏటికి అవతలి ఎర్రమిట్ట అడవి తగలబడింది. గడ్డిపోచ మిగలలేదు. ఏరు ఎండి ఇసుక తేలింది గాని సరిహద్దు మాత్రం ఎండలేదు. ఇసుక నడుమ వరసగా పేర్చిన రాళ్ళు దాటి మేతకు వస్తే అది దండయాత్ర అని రెండడవుల మధ్య పాత ఒప్పందం. అందుచేత ఎర్రమిట్ట మనుబోతుల మందకు పెద్దదిక్కయిన గౌరమ్మ ఆ రాళ్ళకు అవతలనే నిలబడి మొరపెట్టుకుంది.

"మృగశిర చినుకు పడేదాకా ఒక్క పదిహేను రోజులు గడిస్తే చాలు, నాయనలారా. చిగురు లేస్తే మా బతుకు మేం బతుకుతాం. తల్లులకు పాలు ఇంకిపోయినాయి. పదకొండు పిల్లలు లేచి నిలబడలేకుండా ఉన్నాయి."

మండలి చలించింది. ఆరువందల మోపుల అడ్డాకు సాయంగా పంపాలని ఆనాడే తీర్మానించింది. అడ్డాకు విస్తరి కుట్టడానికి పనికివచ్చే వెడల్పాటి ఆకు. తిన్న పశువుకు కడుపు నిండుతుంది. గీసిన ముల్లుకు అక్షరం నిలుస్తుంది. ఈ రెండో గుణం లేకపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

అంతకుముందు యేడు మరో అడవికి పంపిన తేనె చేరిందా లేదా అని కాకి పంతులు ఒకడు నిండు సభలో అడిగాడు. ఎవరికీ తెలియదు. సిగ్గుపడిన మండలి ఒక నిబంధన చేసింది. పరాయి అడవికి పంపే సాయం వివరాలు, ఆ సాయం కదలడానికి ముందే, జంతువులన్నీ ఉప్పు నాకడానికి వచ్చే చౌడుగట్టు మీద వెల్లడి చేయవలె. మంచి నిబంధన. చెడ్డదయితే ఎవరో ఒకరు ఉల్లంఘించి ఉండేవారు.

సుగంధరావు శల్యయ్యను పిలిపించాడు. ఏడడవుల సమాఖ్య ఆ యేడు పారదర్శకతకు ఒక పట్టం ప్రకటించింది. పట్టం గెలిచిన అడవి కార్యదర్శి సమాఖ్యకే కార్యదర్శి అవుతాడు. ఆ ముక్క ఆయన చెప్పలేదు, పరిమళం చెప్పింది.

"మన సాయం ఏడడవులకూ తెలియాలి కదా, శల్యయ్యా?"

"తెలియాలండి."

"ఒక్క ఆకు మీద వ్రాసి తగిలిస్తే తెలుస్తుందా?"

తెలుస్తుందనే శల్యయ్య అనుకున్నాడు. తనను అడిగింది ప్రశ్న కాదని గ్రహించి ఊరుకున్నాడు.

నమూనా తయారైంది. ఆకుకు పదమూడు గళ్ళు. ఇచ్చినవారు, పుచ్చుకునేవారు, తీర్మానం తేదీ, ఆకు కోసిన తీగ, కోసినప్పుడు గాలి వీచిన దిక్కు, ఇట్లా సాగి పదమూడో గడిలో 'దాతకు కలిగిన ఆనందం, క్లుప్తంగా' అని ఉంది. మోపుకు ఒక వెల్లడి. ప్రతి వెల్లడికీ చౌడుగట్టున ఒక అసలు, ఏడడవుల పరిశీలకులు వచ్చినప్పుడు పట్టుకుపోవడానికి ఏడు నకళ్ళు. నకళ్ళు గీయడానికి పన్నెండు వడ్రంగిపిట్టలను పెట్టారు. ముళ్ళు మాత్రం శల్యయ్యవే.

"వ్రాయడానికి ఆకులెక్కడివండి?" అన్నాడు శల్యయ్య.

"సాయానికి అయ్యే ఖర్చు సాయం నుండే. వేరే తీగ తుంచాలంటే వేరే తీర్మానం కావాలి."

"కానివ్వండి," అన్నాడు భీమప్ప.

మోపుకు నూరాకులు. వెల్లడి ముగిసేసరికి కుప్పలో నలభై ఎనిమిది మోపులు తగ్గాయి. ఒక్క ఆకు కూడ ఎవరూ దొంగిలించలేదు.

మరునాడు కాకి పంతులు చౌడుగట్టు మీద వాలి, పదమూడు గళ్ళూ చదివి, కుప్ప దగ్గరకు ఎగిరివెళ్ళి లెక్కపెట్టి వచ్చాడు.

"ఏమయ్యా శల్యయ్యా, ఆకుల మీద ఆరువందలంటావు, కుప్పలో అయిదువందల యాభై రెండే ఉన్నాయి. నీ చేతి వ్రాతలో అసత్యమా?"

శల్యయ్యకు వీపు మీద మిగిలిన ముళ్ళన్నీ నిక్కపొడుచుకున్నాయి. సుగంధరావు మాత్రం పులకించిపోయాడు.

"చూశావా! ప్రజలు చదువుతున్నారు! వెంటనే సవరణ వెల్లడి వెయ్యి. పాత వెల్లడి ప్రతిని దానికి జతపరచు. అదే పారదర్శకత!"

సవరణ వేశారు. వేసేసరికి కుప్ప మరికాస్త తగ్గింది. వెల్లడి వ్రాసి ముగించేసరికి అది అబద్ధమయ్యేది. అబద్ధాన్ని సవరిస్తే మరో అబద్ధం తయారయ్యేది. శల్యయ్య ఒక ఉపాయం చెప్పిచూశాడు.

"ఈ సవరణకు పట్టే ఆకులను ముందుగానే తీసివేసి వ్రాస్తే సరిపోతుందండి."

"జరగనిదాన్ని జరిగినట్టు వ్రాస్తావా? ఇరవై ఏళ్ళ పేరు నీది! ఏం కావాలి అది?"

శల్యయ్య మరొక ముల్లు పీక్కున్నాడు.

అతడు వ్రాసుకునే బండ ఏటి ఒడ్డున ఉండేది. రోజూ పొద్దున్నే గౌరమ్మ ఇసుకలోకి దిగి, రాళ్ళ వరస దగ్గర ఆగి పలకరించేది.

"ఇవాళైనా వస్తుందా, అన్నా?"

"రాదమ్మా. సవరణ జరుగుతున్నది."

తొమ్మిదో రోజు గౌరమ్మ గొంతు పీలగా వచ్చింది.

"నిన్నటిదాకా పదకొండు, అన్నా. ఇవాళ పది."

శల్యయ్య చేతిలోని ముల్లు ఆగింది. ఏ గడిలోనిది ఆ అంకె? అతడు ఆకు వంక చూశాడు. పదమూడు గళ్ళలో దానికి చోటు లేదు.

"సవరణ, సవరణ అంటావు," అంది గౌరమ్మ. "ఎట్లా ఉంటుందన్నా అది? తినేదేనా?"

ఎగతాళికి అనలేదు ఆమె. నిజంగానే అడిగింది. శల్యయ్య చౌడుగట్టు వైపు తిరిగి చాలాసేపు చూశాడు. కుప్పలో మిగిలినవి తొంభై మోపులు. గట్టు మీద అయిదువందల పది మోపుల వెల్లడి. వాడినవి, గీతలు పడినవి. అయినా ఆకులే.

ఆ మధ్యాహ్నం కాకి పంతులు మళ్ళీ వచ్చాడు.

"నేనడిగింది ఒక్క ముక్కయ్యా, చేరిందా అని. మీరు అడవంతా వ్రాసిపెట్టారు. ఆ గడి ఏదీ?"

"లేదు."

"ఏం, ఎందుకు లేదు?"

"కదలడానికి ముందు వెల్లడి చేయాలి. చేరడం, కదిలిన తరువాతి విషయం."

కాకి పంతులు ముక్కు ఒకవైపుకు వాల్చి అతని వీపు చూశాడు. సగం బోడి. ఎగిరిపోయాడు.

శల్యయ్య నిబంధనల ఆకుల కట్ట విప్పి కూర్చున్నాడు. సాయంత్రానికి సుగంధరావు ముందు నిలబడ్డాడు.

"ఆరో ఉపనిబంధన చూడవలెనండి. వెల్లడి దాతకూ గ్రహీతకూ సమానంగా బహిరంగమై ఉండవలె అని ఉన్నది."

సుగంధరావు మీసాలు కదిలాయి. "అంటే, అవతలి గట్టున కూడ పెట్టాలా?"

"అట్లాగే ఉన్నదండి."

"ఏడడవుల్లో ఇంతవరకూ ఎవరైనా అట్లా పెట్టారా?"

"లేదండి."

"అయితే మనమే మొదటివాళ్ళం! పట్టం ఇక ఎవడాపుతాడు?" అని సుగంధరావు లేచి నిలబడి, అంతలో అనుమానం తోచి ఆగాడు. "వెల్లడి ముగియకుండా ఏటికవతలికి ఏదీ కదలరాదు కదా?"

"సాయం కదలరాదు. వెల్లడి సాయం కాదండి. దానికి వెల్లడి అక్కర లేదు."

ఆ తర్కంలోని అందానికి సుగంధరావు కళ్ళు చెమర్చాయి. "నా కొలువులో ఇంత చక్కటి మాట వినలేదోయ్. అసళ్ళూ నకళ్ళూ అన్నీ పంపించు. పరిశీలకులు అక్కడే చూసి మెచ్చుకుంటారు."

"కానివ్వండి," అన్నాడు భీమప్ప.

మరునాడు పొద్దున్నే పది ఏనుగులు అయిదువందల పది మోపుల వెల్లడిని సకల లాంఛనాలతో ఏరు దాటించాయి. అటుపక్క కాలిన మోళ్ళు తప్ప ఏమీ లేవు. ముందున్న ఏనుగు అడిగింది: "ఎంత ఎత్తున తగిలించమంటావు, శల్యయ్యా?"

"చిన్నపిల్లలకు కూడ అందేటట్టు ఉండవలెనని నిబంధన."

ఆ నిబంధన నిజంగానే ఉన్నది. మద్దికోనలో చౌడుగట్టు నేల మట్టాన ఉండబట్టి దానితో ఎవరికీ ఎన్నడూ పని పడలేదు, అంతే.

ఏనుగులు వెళ్ళిపోయాయి. మనుబోతుల మంద చుట్టూ చేరింది. గౌరమ్మ వణికే కాళ్ళతో ముందుకు వచ్చి వాసన చూసింది.

"ఏమిటన్నా ఇవి?"

"వెల్లడి."

ఆమె మళ్ళీ 'తినేదేనా' అని అడగడానికి జంకింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి శల్యయ్య అడగని మాటకు జవాబు చెప్పాడు.

"మీరు చదువుకోవడానికి పంపాము, తల్లీ. ఎట్లా చదవాలో నిబంధనలో లేదు."

గౌరమ్మ అతని ముఖంలోకి చూసింది. తరువాత వెనక్కి తిరిగి పిల్లలను పిలిచింది. రెండింటిని తల్లులు మూతులతో లేపి నడిపించుకు రావలసి వచ్చింది. పిల్లలు ఆకు చివరన మెత్తగా ఉన్న పదమూడో గడి నుండి మొదలుపెట్టాయి. దాతకు కలిగిన ఆనందం క్లుప్తంగా అయిపోయింది.

శల్యయ్య ఆగి చూడలేదు. తన బండ దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

ఏనుగులు వెళ్ళిన ఆరో నాడు మృగశిర చినుకు పడింది. ఎర్రమిట్ట బూడిదలోంచి పచ్చగా పోచలు లేచాయి. చౌడుగట్టు పక్కన చివరి సవరణ కోసం ఎదురుచూస్తున్న తొంభై మోపులు వానకు తడిసి కుళ్ళిపోయాయి.

ఆ తరువాతనే సమాఖ్య పరిశీలకులు వచ్చారు. మూడు కొంగలు. ఇవతలి గట్టు చూశాయి, ఖాళీ. ఏరు దాటి మోళ్ళు చూశాయి, ఖాళీ. ఒంటికాలి మీద నిలబడి ఒక పూటంతా ఆలోచించి నివేదిక సమర్పించాయి.

'మద్దికోన చేసినట్టు చెప్పుకుంటున్న సాయం గురించి ఒక్క ఆకూ కనబడలేదు. ఎర్రమిట్ట పశువులు మాత్రం నిక్షేపంగా ఉన్నవి. ఆధారం లేని ఈ ఆరోగ్యం అనుమానాస్పదం.'

సుగంధరావు చెప్పదగిన రెండు జవాబులూ తూచి చూశాడు. వెల్లడిని తినేశారంటే రికార్డు పోగొట్టినట్టు. వాళ్ళకు పెట్టింది మేతే అంటే వెల్లడి లేకుండా సాయం పంపినట్టు. రెండూ నేరాలే, రెండింటికీ నిబంధన రాయించింది తానే. ఆయన్ను కార్యదర్శి పదవి నుండి తొలగించాలని సమాఖ్య సిఫారసు చేసింది.

"కానివ్వండి," అన్నాడు భీమప్ప.

శల్యయ్య కొలువు కూడ పోయింది. నిబంధనలను అక్షరాలా అమలుచేశాడన్నది అభియోగం. నేరం ఒప్పుకుంటావా అని అడిగితే, ఒప్పుకుంటానన్నాడు. అబద్ధం చెప్పే అలవాటు లేదు. ఉత్తర్వు వ్రాయడానికి ముల్లు దొరకకపోతే తన వీపు మీద మిగిలిన ఆఖరి ముల్లు తానే పీకి ఇచ్చాడు.

ఆ తరువాత ఒక పొద్దున అతడు బోడివీపుతో బండ మీద కూర్చుని ఉండగా కాకి పంతులు వచ్చి పక్కన వాలాడు.

"ఇప్పుడు నీకు కొలువు లేదు, గళ్ళు లేవు. ఇప్పుడైనా చెప్పవయ్యా. చేరిందా?"

ఏటికి అవతల మనుబోతు పిల్లలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. శల్యయ్య వాటిని లెక్కపెట్టాడు. పది. పదకొండోదాని చోటు దగ్గర అతని చూపు కాసేపు ఆగింది.

"చేరింది," అన్నాడు. "ఆలస్యంగా."

కాకి పంతులు తల పంకించాడు. ఆ అడవిలో ఆ ప్రశ్నకు జవాబు రావడం అదే మొదలు.

చేసిన సాయం పదిమందికీ కనబడేటట్టు తగిలించవలసిందే. కాకపోతే ఆకలిగొన్న నోటికి అందేంత ఎత్తున.