నలభై ఎనిమిది ముఖాలూ, రాఘవమ్మ సాయమూ

అనంతలక్ష్మికి అత్తగారి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ సాయం చేస్తుంది. తిట్టే అత్తగారైతే పుట్టింటికి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. పని చెయ్యని అత్తగారైతే పక్కింటావిడతో చెప్పుకోవచ్చు. సాయం చేసే అత్తగారి గురించి ఎవరికి చెప్పినా "అదృష్టవంతురాలివి" అంటారు తప్ప, పిల్లలకు చూపించడానికి వారం రోజులు కూర్చుని మట్టితో చేసుకున్న గోపురాన్ని ఆవిడ నీళ్ళలో నానబెట్టి పెరట్లో గట్టుకు మెత్తేసిన సంగతి ఎవరూ చివరిదాకా వినరు.

రాఘవమ్మ మార్కాపురంలో ముప్పై ఏళ్ళు పలకల షెడ్డులో గ్రేడింగు చూసింది. రాయి కోసి, చెక్క చట్రం బిగించాక, ప్రతి పలకా ఆవిడ చేతికింద నుంచే బయటికి పోయేది. తడిగుడ్డతో ఒక తుడుపు, వేలి కణుపుతో ఒక తట్టు. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే పగులు. మంచివి డజన్లు కట్టి, మధ్యమధ్య పాత పేపరు పెడితే సరుకు లారీ ఎక్కినట్టే. షెడ్డు మూతపడి పదేళ్ళయినా ఆ వేళ్ళు మాత్రం రిటైరు కాలేదు. పుచ్చకాయలూ, స్టీలు పళ్ళేలూ సరే, ఒకసారి జ్వరంతో పడుకున్న కొడుకు నుదురు కూడా తట్టి చూసి, "ఏం పరవాలేదు, గట్టిగానే ఉండాడు" అంది.

తర్లుపాడు రోడ్డులో ఉన్న యూనివర్సిటీ వాళ్ళ కళా మ్యూజియంలో అనంతలక్ష్మి ఎడ్యుకేటరు. అంటే ఏమిటని బంధువులు అడిగితే భర్త కృష్ణమూర్తి, "బొమ్మల కాడ నిలబడి పిల్లకాయల్ని ప్రశ్నలడిగే ఉద్యోగం" అని చెప్పేవాడు. నియామకపు ఉత్తర్వులో ఉన్నదానికంటే అదే స్పష్టంగా ఉండేది. మ్యూజియం డైరెక్టరు చంద్రశేఖరరావుకు మాత్రం ఆ ఉద్యోగం ఎందుకో అర్థం కాలేదు. బొమ్మ పక్కన చీటీ ఉంది, చదువుకుంటారు. చదువు రాకపోతే వివరించడానికి తాను ఉన్నాడు. ఈ మాటే ఆయన యూనివర్సిటీకి ఉత్తరంగా రాశాడు. దాంతో ఆ పోస్టు ఉంచాలా, తీసెయ్యాలా తేల్చడానికి గురువారం పదకొండు గంటలకు కమిటీ వస్తోంది. తర్లుపాడు బడి నుంచి నలభై మంది పిల్లలు వస్తారు, అనంతలక్ష్మి పాఠం నడుపుతుంది, కమిటీ వెనక కూర్చుని చూస్తుంది. అదీ ఏర్పాటు.

ఆ పొద్దున ఆమె ఒకచోట నిలబడలేదు. ఒక చీర కట్టుకుని, అది మరీ పెళ్ళికి పోయినట్టుందని విప్పి, ఇంకొకటి కట్టుకుని, అది మరీ రేషనుకు పోయినట్టుందని మళ్ళీ మొదటిదే కట్టుకుంది. ఉప్మాలో రెండుసార్లు ఉప్పు వేసింది. గడియారం చూసి, అది నడుస్తోందో లేదో చూడటానికి ఫోను చూసి, ఫోను సరిగ్గా ఉందో లేదో చూడటానికి గడియారం చూసింది. చివరికి కళ్ళజోడు బల్ల మీదే మరిచి ఆటో ఎక్కింది.

"నేను ఇచ్చేసి వస్తాలేరా. కనపడకుంటే ఏం పాఠం చెప్తాది?" అని కొడుకుతో అని రాఘవమ్మ ఇంకో ఆటో ఎక్కింది.

ఆవిడ వెళ్ళేసరికి కోడలు అక్కడ లేదు. పిల్లలకు ఇవ్వాల్సిన కాగితాలు జిరాక్సు తీయించడానికి ఊళ్ళోకి వెళ్ళింది. అక్కడ కరెంటు పోయింది. హాల్లో మాత్రం గోడల పొడుగునా చెక్క అరమీద నలభై ఎనిమిది పలకలు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్క పలక మీద బలపంతో గీసిన ఒక ముఖం. హైదరాబాదు చిత్రకారుడొకాయన పలకల షెడ్ల పాత ఫొటోలు చూసి వేసిన బొమ్మలవి. ప్రదర్శన పేరు "చెరగని ముఖాలు". కాపలాకు కాశయ్య ఉన్నాడు. యూనిఫాం వేసుకోకముందు ఇదే కాశయ్య పద్దెనిమిదేళ్ళు రాఘవమ్మ షెడ్డులో నీళ్ళు మోశాడు.

"ఏందిరా కాశయ్యా ఇది? సరుకంతా గీసి పెట్టినారు?"

"బొమ్మలక్కా. ముట్టుకోగూడదంట."

"పలకను ముట్టకుండా మంచిదో చెడ్డదో ఎట్ల తెలుస్తాది?"

రాఘవమ్మ వేలు అప్పటికే ఒక పలక మీద పడింది. బొదబొదమంది. పక్కదాన్ని తట్టింది. అదీ అంతే.

"పగులు. నువ్వు చూసుకోలా?"

"చూసినానక్కా. కాపలావాడు చెప్తే వినేదెవరు?"

"ఇంకాసేపటికి పిల్లకాయలు వస్తారంట గదా. చీలి కాళ్ళ మీద పడితే? ఈ గీతల కింద ఏది ఎంత పగిలిందో ఎట్ల కనపడుతుంది?" రాఘవమ్మ కొంగు నడుముకు దోపింది. "బకెట్ తే పో."

కాశయ్య ఒంటి మీద మ్యూజియం చొక్కా ఉంది. కాళ్ళు మాత్రం షెడ్డువి. అవి నీళ్ళకు వెళ్ళిపోయాయి.

పదింబావుకు అనంతలక్ష్మి వచ్చేసరికి గోడ ఖాళీగా ఉంది. నేల మీద మంచి పలకలు తళతళలాడుతూ మూడు డజన్లూ నాలుగు, మధ్యమధ్య పేపరుతో. అవతల విడిగా ఎనిమిది.

"అత్తా... ముఖాలు ఏవి?"

రాఘవమ్మ కంటే ముందు కాశయ్యే నిజాయితీగా చెప్పాడు. "బకెట్లో ఉన్నాయి మేడం."

అనంతలక్ష్మి బకెట్లోకి చూసింది. ఒక షెడ్డు షెడ్డంతా అందులో తెల్లగా కలిసిపోయి ఉంది.

"ఎనిమిది పగుళ్ళు, అనంతా! ఒకటి రేపో మాపో చీలేదే. కళ్ళజోడు ఇద్దామని వచ్చి మంచి పని చేసినా" అంటూ ఆవిడ కళ్ళజోడు చేతిలో పెట్టింది. అప్పటిదాకా మసగ్గా కనిపిస్తున్న ఖాళీ గోడ ఇప్పుడు చక్కగా కనిపించింది.

"అవి మళ్ళీ ఎవరు వేస్తారత్తా?"

"గీసినోడే గీస్తాడు. పలక అంటే ఏంది? గీసేది, తుడిచేది. అట్ల ఏడుపుమొహం పెట్టబాక."

చిత్రకారుడికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. జరిగింది జరిగినట్టు మెసేజి పెట్టింది. డైరెక్టరుకు చేసింది. గిద్దలూరు నుంచి కమిటీని కార్లో తీసుకొస్తూ ఆయన ఏదో వివరిస్తున్నట్టున్నాడు, కట్ చేశాడు. ఇక మిగిలింది కమిటీ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పడమే. చెప్తే పోస్టు పోతుంది. చెప్పకపోయినా గోడ చెప్తుంది. ఆ నిశ్చయానికి ఆమె రెండు నిమిషాలైనా అలవాటు పడకముందే పిల్లల బస్సు వచ్చింది.

నలభై మంది పిల్లలు ఖాళీ హాల్లో కాసేపు ఊరికే ఉండరు. నేల మీద సరిగ్గా నలభై మంచి పలకలున్నాయి. ఆమె బల్లలో బలపాల డబ్బా ఉంది. పిల్లలను కూర్చోబెట్టి, రాఘవమ్మకూ కాశయ్యకూ ఎదురుగా రెండు కుర్చీలు వేసింది.

"వీళ్ళిద్దర్లో మీకు నచ్చినవాళ్ళను వెయ్యండి. వేసేముందు మాత్రం బాగా చూడాలి. ఏం కనిపిస్తోంది?"

"అవ్వ బొట్టు రూపాయంత ఉండాది!"

"ఇంకా?"

"తాతకు ఒక చెవి చిన్నది, ఇంకో చెవి పెద్దది!"

కాశయ్య రెండు చెవులూ పట్టుకుని చూసుకున్నాడు. "యాభై ఎనిమిదేండ్లొచ్చె. ఒక్కరూ చెప్పలేదే!"

బయట కారు హారన్ వినిపించగానే అనంతలక్ష్మి గేటుకు పరుగెత్తింది. కార్లోంచి కమిటీ అధ్యక్షురాలు ఎలీషబా మేడం, ఆవిడ వెనక ఇద్దరు సభ్యులు, ఫైలు పట్టుకుని గుమాస్తా యల్లయ్య దిగారు. చిత్రకళ నేర్పి రిటైరైన మనిషి ఎలీషబా. ఎక్కువ మాట్లాడదు.

"సార్, లోపలికి పోకముందు ఒక మాట..."

"తర్వాతమ్మా" అన్నాడు చంద్రశేఖరరావు.

"ముఖ్యమైన మాట సార్. ఆ బొమ్మలు..."

"బొమ్మల గురించి నేను చెప్తున్నాగా!"

ఈ లోపల రాఘవమ్మ లోపల ఊరుకోలేదు. పెద్దవాళ్ళు వచ్చేటప్పుడు గోడ ఖాళీగా ఉంటే కోడలికి మాట వస్తుందనిపించింది. పిల్లలు గీయడం అయిన పలకలన్నీ అందుకుని, పాత చోట్లలోనే వరసగా నిలబెట్టి, పిల్లలను చేతులు కట్టించి కూర్చోబెట్టింది. అనంతలక్ష్మి కమిటీ వెనకాల అడుగు పెట్టేసరికి గోడ నిండా ముఖాలే. సగం రాఘవమ్మలు, సగం కాశయ్యలు. ఆమెకు నోట మాట రాలేదు.

చంద్రశేఖరరావుకు వచ్చింది. ఆయనకు బొమ్మల వైపు వీపు పెట్టి, జనం వైపు ముఖం పెట్టి మాట్లాడటం అలవాటు. "చూడండి, ఈ గీతల్లో మూడు తరాల చెమట ఉంది. చేయి తిరిగిన కళాకారుడు తప్ప ఇంత తక్కువ గీతల్లో ఇంత దుఃఖం పలికించలేడు." చేయి వెనక్కి చాచి, తల తిప్పకుండానే ఓరకంట తగిలిన పలకను చూపించాడు. "ఇక్కడ నుదుటి మీద మూడో కన్ను. శ్రమజీవి ఆగ్రహం! నలభై ఏళ్ళ సాధన ఉంటే గాని ఆ వలయం రాదు."

ముందు వరసలోంచి ఒక చెయ్యి లేచింది. నాలుగో తరగతి దిల్షాద్.

"సార్, అది కన్ను గాదు. అవ్వ బొట్టు. నేనే గీసినా."

ఎలీషబా మేడం కళ్ళజోడు సవరించుకుని పలక దగ్గరికి వెళ్ళింది. కింద మూల "దిల్షాద్, 4వ తరగతి" అని ఉంది. ఆవిడ కుర్చీలో ఉన్న రాఘవమ్మను చూసింది, బొట్టును చూసింది, పలకను చూసింది. "పోలిక బాగుంది" అంది.

ఇక అనంతలక్ష్మి ఆగలేదు. జిరాక్సు నుంచి బకెట్టు దాకా అంతా చెప్పేసింది. "గోడ మీదికి ఇవి ఎట్ల వచ్చినాయో మాత్రం నాకు తెలీదు మేడం" అని ముగించింది.

"నేనే పెట్టినా" అంది రాఘవమ్మ. "తుడిచింది నేనే, పెట్టింది నేనే. నా కోడల్ని అనొద్దు. ఇట్ల రాండి, వినండి." పగుళ్ళ పలకను తట్టింది. బొదబొద. మంచిదాన్ని తట్టింది. ఖంగు. కమిటీ సభ్యులిద్దరూ వంగి మరీ విన్నారు. ఒకాయన తానూ తట్టి చూసి తలాడించాడు.

అప్పుడే అనంతలక్ష్మి ఫోను మోగింది. చిత్రకారుడు. స్పీకర్లో పెట్టమంది ఎలీషబా.

"మెసేజి చూశానమ్మా" అన్నాడాయన. "ఆఖరి రోజున చూడవచ్చినవాళ్ళ చేతే తుడిపించాలని అనుకున్నవే అవి. తొమ్మిది రోజులు ముందయింది. బాధగానే ఉంది, అబద్ధమెందుకు? అయినా పగుళ్ళ సంగతి నాకు తెలియలేదు. మళ్ళీ వేస్తాను. ఈసారి పలకలు ఆ పెద్దావిడే ఏరి పెట్టాలి. ఆఖర్న తుడిచే సంగతీ, అందాకా ఎవరూ ముట్టకుండా పలకల ముందు అద్దాలు బిగించాలన్న సంగతీ అన్నీ డైరెక్టరుగారికి నాలుగు పేజీల్లో రాశానే, చెప్పలేదా?"

అందరూ డైరెక్టరు వైపు తిరిగారు. ఆయన గోడ వైపు తిరిగాడు. ప్రదర్శన మొదలయ్యాక ఆయన ఆ వైపు తిరగడం అదే మొదటిసారి. ఒక్కొక్క పలకే చూసుకుంటూ పోయి, చెవులు సమానంగా లేని కాశయ్య దగ్గర ఆగి, పక్కనే నిలబడ్డ అసలు కాశయ్య చెవులు చూశాడు.

"ఏం కనిపిస్తోంది సార్?" అనంతలక్ష్మి నోటి నుంచి అలవాటుగా వచ్చేసింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

చంద్రశేఖరరావు జేబురుమాలతో మెడ తుడుచుకున్నాడు. "నేను ఆ కాగితం చదవలేదు. బొమ్మలూ చూడలేదు" అన్నాడు. మరి కాసేపటికి, ఇంకొంచెం గట్టిగా, "ఎడ్యుకేటరు అక్కర్లేదని రాయడం నాదే తప్పు."

పోస్టు ఉంచాలని కమిటీ అక్కడికక్కడే రాయించింది. ఒక డైరెక్టరు తప్పు ఒప్పుకున్న సంగతి యూనివర్సిటీ మినిట్సులో ఇంతకుముందు ఎక్కడా లేకపోవడంతో, దాన్ని ఏ పద్దు కింద రాయాలో తోచక, యల్లయ్య "ఇతరములు" కింద రాసుకున్నాడు.