పేర్లు రాలిన సారాంశం

ఆసుపత్రిలో అందరూ ఆమెను లెక్కల మేడమ్ అంటారు. ఆ రోజు పొద్దున ఆమె పెట్టుకున్న పని ఒక్కటే. మందుల గుణాన్ని లెక్క కట్టే బయోస్టాటిస్టిక్స్ సదస్సుకు తన పరిశోధన సారాంశం పంపడం. సాయంత్రంతో గడువు ముగుస్తుంది. కాఫీ చల్లారేలోపు పంపేసి వార్డులోకి వెళ్దామనుకుంది.

అందులో సంగతి చిన్నదే. పైన మాత్రం ఆ పనిలో చెయ్యి వేసిన అందరి పేర్లూ ఉన్నాయి, పెద్దసారుతో సహా. ఆసుపత్రి పెద్దసారు పుండ్లకు పూసే మందు ఒకటి తయారు చేశాడు. సగం మంది రోగులకు అది పూశారు, మిగతా సగానికి పాతది. మేడమ్ మంచం మంచం తిరిగి పుండ్లు కొలిచింది, లెక్క కట్టింది. తేడా లేదు. పాతదెంతో కొత్తదీ అంతే. పెద్దసారు మాత్రం వచ్చే ఏడాది నుంచి అన్ని వార్డుల్లోనూ తన మందే పూయాలని పట్టుబట్టి కూర్చున్నాడు. బయటివాళ్ళు విని నిలదీస్తే తప్ప అది ఆగేది కాదు.

పెద్దసారు ఆమె గదిలోకి వచ్చి నిలబడే చదివాడు.

"తేడా లేదంటే ఎవరమ్మా వినేది? మంచి గుణం కనిపించిందని రాయి."

"కనిపించలేదు సార్."

"కొంచెం కూడానా?"

"కొంచెం కనిపిస్తే కొంచెమని రాసేదాన్ని."

"అయితే నా పేరు తీసెయ్!"

ఆ మాటంటే ఎవరైనా కాళ్ళబేరానికి వస్తారని ఆయన నమ్మకం. ఇన్నేళ్ళూ అందరూ అలాగే వచ్చారు. మేడమ్ పేరు తీసేసింది.

సదస్సువాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఎవరి పేరు తీసినా, మీకు సమ్మతమేనా అని వాళ్ళ ఫోనుకే అడుగుతారు. వరండాలో ఆయన ఫోను మోగింది. పక్కన ఆపరేషన్ల డాక్టరు నడుస్తున్నాడు. అతను చూస్తుండగా వెనక్కి తగ్గితే పరువేం కావాలి? సమ్మతమే అని గట్టిగా నొక్కాడు.

ఆపరేషన్ల డాక్టరు అది చూశాడు. అతని పేరూ ఆ సారాంశంలో ఉంది. సొంత మందు మీద రాసిన దాంట్లోంచి సారే తప్పుకున్నాడంటే ఏదో కొంప మునిగిందనుకుని వెంటనే ఫోన్ చేశాడు.

"మేడమ్, నా పేరు తీసెయ్యండి. ఎందుకని అడక్కండి, నాకూ తెలీదు."

ఆ తర్వాత చర్మం డాక్టరు.

"ఆ మందు పూస్తే ఎవరో పోయారటగా?"

"ఎవరూ పోలేదండీ."

"ఓహో, దాస్తున్నారన్నమాట. నా పేరూ తీసెయ్యండి."

హెడ్‌నర్సు లోపలికొచ్చి తలుపు మూసింది. "పోలీసులు ఎప్పుడొస్తారు మేడమ్?" అంది. ఎవరూ రారని చెప్పినా నమ్మలేదు. ఆమె పేరూ పోయింది.

మధ్యాహ్నానికి గుమాస్తా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీరు వెళ్ళిపోతున్నారట. ఈ కుర్చీ నేను తీసుకోవచ్చా? నడుం నొప్పి."

"నేనింకా కూర్చునే ఉన్నానయ్యా!"

"తొందరేం లేదండీ. నిలబడతాను."

ఈలోగా ఇంటి నుంచి అత్తగారి ఫోను.

"అమ్మాయ్, ఉద్యోగం ఊడిందటగా? మందుల షాపతను చెప్పాడు."

"ఊడలేదత్తయ్యా. తేడా లేదని రాశాను. మార్చమంటున్నారు."

"నువ్వు సరిగ్గా కొలిచావా?"

"ఒకటికి రెండుసార్లు."

"మరింకేం? ఊడితే ఊడనీ. నేనూ నీ మొగుడూ చచ్చామా? మార్చి ఇంటికొచ్చావో, గడప తొక్కనివ్వను."

సాయంత్రం పెద్దసారు మళ్ళీ వచ్చాడు. ఈపాటికి దిగొచ్చి ఉంటుందని మొహంలో ఓ చిరునవ్వు.

"ఏమ్మా, ఎవరైనా మిగిలారా?"

"నేనున్నాను సార్."

"ఒక్కదానివి ఏం చేస్తావు?"

"పంపిస్తాను."

ఆయన ఎదురుగానే పంపించింది. ఆయన మొహం కందగడ్డలా అయింది. గుమాస్తా మాత్రం కుర్చీ వైపు ఇంకాస్త ఆశగా చూశాడు.

కొన్నాళ్ళకు జవాబు వచ్చింది. పనిచేయని మందుల లెక్కలు ఎవరూ బయటపెట్టరనీ, ధైర్యంగా పంపినందుకు ఆమెకు పెద్ద వేదికే ఇస్తున్నామనీ రాశారు. రాలిన పేర్లన్నీ మళ్ళీ లేచి వచ్చాయి. కత్తి పట్టింది నేనేగా అన్నాడు ఆపరేషన్ల డాక్టరు. కట్లు కట్టించింది నేను కాదా అంది హెడ్‌నర్సు.

"సమ్మతమని మీరే నొక్కారుగా. ఇంక నొక్కడానికేం లేదు" అంది మేడమ్.

పెద్దసారు ఏమీ అడగలేదు. ఆ సదస్సులోనే ఒక సభకు అధ్యక్షుడిగా రమ్మని ఆయనకూ పిలుపు వచ్చింది. వేదిక మీద కుర్చీ అంటే ఆయన ఏనాడూ కాదనలేదు. ఎవరు మాట్లాడతారో చూడకుండానే ఒప్పేసుకున్నాడు.

సభ రోజున మేడమ్ వేదికెక్కగానే ఆయన నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఆమె తేడా లేదని చెప్పి, ఎలా కొలిచిందో చూపించి, ఊరుకుంది. చప్పట్లు మోగాయి. వెనక వరసలోంచి ఒక ముసలి డాక్టరు లేచాడు.

"బాగా చెప్పావమ్మా. మరి ఆ మందు ఇంకా పూస్తున్నారా మీ ఆసుపత్రిలో?"

"అది అధ్యక్షులవారే చెప్పాలండీ. మందు తయారు చేసిందీ వారే."

హాలు హాలంతా ఆయన వైపు తిరిగింది. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఆపేశాం" అన్నాడు.

ఎప్పటి నుంచి అని ఎవరో అడగబోయేలోగా, సమయం మించిపోయిందంటూ గంట కొట్టాడు.