ప్యానెల్ మార్చానని రేవిన్‌కి చెప్పకండి

మా ఆవిడ నన్ను 'సెల్' అంటుంది. సెల్విన్‌కి పొట్టి పేరు. పెళ్ళైన కొత్తలో ముద్దుగా అంటోందని మురిసిపోయాను. ఈ మధ్య, "ఈ సెల్‌కి ఛార్జింగ్ నిలవదు, సిగ్నల్ అందదు" అని నలుగురిలోనూ అంటోంది.

ఆవిడ పేరు రేవిన్. నేను 'రే' అంటాను. గోర్ అనే చిన్న ఊళ్ళో మాకు వెబ్ హోస్టింగ్ వ్యాపారం ఉంది. అంటే ఊరివాళ్ళ వెబ్‌సైట్లకి మా సర్వర్లో చోటు అద్దెకిస్తాం. పశువుల డాక్టరు దగ్గర్నుంచి కుక్కల క్లబ్బు దాకా, మొత్తం నలభై మూడు సైట్లు. నేను మేనేజింగ్ డైరెక్టర్ని. రేవిన్ ఫోన్ ఎత్తుతుంది. ఆ ఫోన్లు తప్ప ఈ వ్యాపారంలో వేరే పనంటూ ఏమీ లేదని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఈ వ్యాపారానికి గుండెకాయ కంట్రోల్ ప్యానెల్. కస్టమరు కొత్త ఈమెయిల్ పెట్టుకోవాలన్నా, పాస్‌వర్డ్ మార్చుకోవాలన్నా నొక్కాల్సిన బటన్లన్నీ ఉండే తెర అది. మా పాత ప్యానెల్ తయారుచేసేవాళ్ళు నెలాఖరుకి దుకాణం కట్టేస్తున్నామని కబురు పెట్టారు. కొత్తది ఎంచుకోక తప్పదు.

నాకు 'అడ్మిరల్' అనేది నచ్చింది. నూట పన్నెండు బటన్లు. నల్లటి తెర మీద ఆకుపచ్చ మీటరు ముళ్ళు ఊగుతుంటే, చుట్టూ గొర్రెలు తప్ప ఏమీ లేని ఊళ్ళో కూర్చుని ఓడ నడుపుతున్నట్టుండేది.

రేవిన్‌కి నచ్చినదాంట్లో అయిదే బటన్లు.

"అదీ ఒక ప్యానెలేనా? అయిదు బొత్తాల చొక్కా!" అన్నాను.

"చొక్కాకి అయిదు చాలు సెల్. నూట పన్నెండుంటే నువ్వు తొడుక్కునేసరికి సాయంత్రమవుతుంది."

"అందులో ఏడు రకాల గ్రాఫులున్నాయి, తెలుసా?"

"డెన్జిల్‌కి గ్రాఫులెందుకయ్యా?"

డెన్జిల్‌గారు మా కస్టమరు, గొర్రెలు కాసే కుక్కల పందేల క్లబ్బు కార్యదర్శి. ఎనభై ఒక్కేళ్ళు.

"పాస్‌వర్డ్ ఏంటని అడిగితే కుక్క పేరంటాడు. ఏ కుక్కంటే, బతికున్నదా పోయిందా అని నన్నే అడుగుతాడు. అతనికి నూట పన్నెండు బటన్లు ఫోన్లో చెప్పాల్సింది నేనా, నువ్వా?"

"నువ్వే. నేను డైరెక్టర్ని కదా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. రెండు రోజులు నా టీ నేనే కాచుకున్నాను.

మూడో రోజు రేవిన్ తీర్పు చెప్పింది. శనివారం దాకా దేన్నీ ముట్టుకోకూడదు. ఎందుకంటే కిండర్‌గార్టెన్ పిల్లలు చలికి కోట్లు తొడుక్కునే బొమ్మలు గీస్తున్నారు. వాళ్ళకి గది వెచ్చబెట్టే హీట్ పంప్ కొనడానికి కమిటీవాళ్ళు, బ్రెడ్డులో చీజ్ చుట్టి కాల్చుకు తినే చీజ్ రోల్స్ చేసి ఊరంతా అమ్ముతున్నారు. ఆ కమిటీకి పెద్ద రేవిన్. ఆర్డర్లన్నీ కిండర్‌గార్టెన్ వెబ్‌సైట్‌కి వస్తాయి. ఆ సైటు మా దగ్గరే ఉంది.

"ఒక్క ఆర్డరు పోయిందంటే, నిన్నే చుట్టి, వెన్న రాసి కాలుస్తా," అంది.

సరేనన్నాను. కానీ మీరే చెప్పండి, మార్చేశాక ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? గురువారం రేవిన్ చీజ్ తురమడానికి హాలుకి వెళ్తుంది. అదే అదను. ముందుజాగ్రత్తగా, నెలరోజులుగా ఆవిడ మొత్తుకుంటున్న పని కూడా ఆ పొద్దున్నే చేసేశాను. ఆవిడ కారుని ఫిట్‌నెస్ పరీక్షకి గ్యారేజీలో వదిలి వచ్చాను. తర్వాత తిట్లు పడితే చూపించుకోవడానికి ఒక పుణ్యకార్యం ఉండాలి కదా.

రేవిన్ అటు వెళ్ళగానే నేను పనిలోకి దిగాను. పెరట్లో నిలబడి, కంప్యూటర్లు తెలిసిన నా స్నేహితుడు లిండ్సేకి ఫోన్ చేశాను. అతనికి కాస్త చెవుడు. అందుకని అరవాల్సి వచ్చింది.

"పాత ప్యానెల్ పీకేశా లిండ్సే! కొత్తది బిగిస్తున్నా! రేవిన్‌కి మాత్రం చెప్పకు!"

కంచెకి అవతల పక్కింటి నోయెలీన్ బట్టలు ఆరేస్తోంది. నోయెలీన్‌కి తెలిసిన ప్యానెల్ ఒక్కటే, కారుకుండే రేకు. మా దేశంలో కార్ల సొట్టలు తీసేవాణ్ణి ప్యానెల్ బీటర్ అంటాం. నోయెలీన్ తడి బట్టలు బుట్టలోనే వదిలేసి హాలుకి పరుగెత్తింది.

ఇక్కడ నేను ఒక్కొక్క సైటూ అడ్మిరల్‌లోకి ఎక్కిస్తున్నాను. ముప్ఫై దాకా బాగానే నడిచింది. ముప్ఫై ఒకటోదానికి 'ఎక్కించు' అనే బటన్ బదులు పక్కనున్నది నొక్కాను. ముళ్ళన్నీ ఒక్కసారి ఎగిరి చతికిలబడ్డాయి. కొన్ని సైట్లు మాయమయ్యాయి; లిండ్సేకి మళ్ళీ ఫోన్ చేస్తే, కాపీలున్నాయన్నాడు. కొత్త ఆర్డర్లు ఆ కాపీల్లో ఉండవని గుర్తొచ్చి, కంగారుగా కిండర్‌గార్టెన్ ఆర్డర్ల పెట్టె తెరిచాను.

ఖాళీ. ఒక్క ఆర్డరు లేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. సరిగ్గా అప్పుడే తలుపు ధడాలున తెరుచుకుంది. జుట్టు నిండా చీజ్ తురుముతో రేవిన్ నిలబడి ఉంది.

"సెల్! ప్యానెల్ మార్చావా?"

"ఎవరు చెప్పారు?" అన్నాను.

"నోయెలీన్ చెప్పింది. ముందుదా, వెనకదా?"

ఈవిడకి ఇంత సాంకేతిక పరిజ్ఞానం ఎప్పుడొచ్చిందా అని ఆశ్చర్యపోయాను. "రెండూ. జనానికి కనబడేది ముందుది, లోపల నేను చూసుకునేది వెనకది."

"రెండూనా! అంత గట్టిగా ఎలా గుద్దావు?"

"ఒక్కసారే గుద్దాను రే. అంతే, క్రాష్ అయింది."

ఆవిడ తలుపు పట్టుకుంది. "ఎవరికైనా ఏమైనా అయిందా?"

"డెన్జిల్ కుక్కల క్లబ్బు మొత్తం పోయింది."

"అయ్యో దేవుడా! కుక్కలా, మనుషులా?"

"అందరూ. పశువుల డాక్టరు సగమే మిగిలాడు."

రేవిన్ ఫోన్ చేతిలోకి తీసుకుంది. "పోలీసులకి చెప్పావా?"

"పోలీసులెందుకు? లిండ్సేకి చెప్పాను. కాపీలున్నాయిట. సాయంత్రానికల్లా అందర్నీ బతికిస్తానన్నాడు."

"సగం మిగిలిన డాక్టర్ని కూడానా?"

"అతనైతే ఇంకా తేలిక."

ఆవిడ ఫోన్ కింద పెట్టింది. "సెల్, నా కారెక్కడ?"

"ఫిట్‌నెస్ పరీక్షకిచ్చాను. ఎందుకు?"

అప్పుడు అర్థమైంది నాకు, ఆవిడ అడుగుతున్నది కారు రేకు గురించని. నోరు మూసుకుని ఉంటే బయటపడేవాణ్ణి. కిండర్‌గార్టెన్ సంగతి తప్ప, అడగని నేరాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పేశాను.

రేవిన్ తిట్టలేదు. ముందు నా చేతులూ తలా తడిమి చూసింది. "నువ్వు మిగిలావో లేదోనని దారి పొడుగునా ఏడ్చాను తెలుసా, దరిద్రుడా," అంది. నాకు నిజంగా సిగ్గేసింది. ఇక దాచలేకపోయాను.

"రే, కిండర్‌గార్టెన్ ఆర్డర్లన్నీ పోయాయి. పెట్టె ఖాళీగా ఉంది. నన్నేం చేసినా సరే."

"ఖాళీగా కాక ఎలా ఉంటుంది?" అంది ఆవిడ, జుట్టులోంచి చీజ్ దులుపుకుంటూ. "ఆ సైటు నీ దగ్గర లేదు. మూడు వారాల కిందే డునెడిన్ పట్నంలో వేరే హోస్టింగ్ వాళ్ళ దగ్గరికి మార్చేశాను. నీ దగ్గరున్నది పాత డొల్ల. వాళ్ళ ప్యానెల్‌కి అయిదే బటన్లు. పది నిమిషాల్లో నేనే పెట్టుకున్నా. ఇప్పటికి ఆరువందల పన్నెండు డజన్లు వచ్చాయి."

మూడు వారాలు! నా సొంత పెళ్ళాం నా కస్టమరు కాదు. ఆ సంగతి డైరెక్టర్‌కి తెలియదు.

"ఎందుకిలా చేశావు రే?"

"నీతో ఇరవై ఆరేళ్ళ కాపురం సెల్. అందుకని."

ఆ సాయంత్రం లిండ్సే కుక్కల్నీ, డాక్టర్నీ, మిగతావాళ్ళనీ బతికించాడు. శుక్ర, శనివారాలు నేను హాల్లో ఏప్రన్ కట్టుకుని, పాతికమంది ఆడవాళ్ళ మధ్య బ్రెడ్డు ముక్కలు చుట్టాను. పశువుల డాక్టరు ఆర్డరు తీసుకోవడానికి స్వయంగా వస్తే, అందరూ అతన్ని పైనుంచి కింద దాకా పరీక్షగా చూశారు. పాపం, అతనికి ఏమీ అర్థం కాలేదు.

సోమవారం రేవిన్ నలభై రెండు సైట్లనీ అయిదు బటన్ల ప్యానెల్‌లోకి ఎక్కించేసింది. మధ్యాహ్నం టీ ఇస్తూ, "ఇదిగో నీ లాగిన్. ఎవరికి ఎన్ని బటన్లు కనబడాలో మనమే పెట్టుకోవచ్చట," అని ఒక చీటీ చేతిలో పెట్టింది.

గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని, లాగిన్ అయ్యాను. తెర మీద అయిదు బటన్లు లేవు. ఒక్కటే ఉంది. 'సహాయం' అని రాసుంది.

నొక్కాను.

వంటింట్లో ఫోన్ మోగింది. రేవిన్ ఎత్తి, ఎవరో కొత్త కస్టమరుతో మాట్లాడినట్టు ఎంతో మర్యాదగా, "చెప్పండి సార్, ఏం పాడుచేశారు?" అంది.