పోతురాజు కండ

పోతురాజుకి ఒక్కచోట ఆగడం చేతకాదు. రాజోలులో చేపల వ్యాపారం ఆయనది. ఆ ఉదయం పెట్టె వ్యాను ఎక్కించేసి, స్నానం చేసి, భార్య సత్యవాణితో ద్రాక్షారామం వెళ్ళాలనుకున్నాడు. "హమాలీ వస్తున్నాడండి. ఆ పెట్టె మీరెత్తకండి," అని సత్యవాణి లోపల్నుంచి చెబుతూనే ఉంది. వీధిలోకి నాలుగైదుసార్లు తొంగిచూసి, ఇక నిలవలేక, ఐసుతో, పండుగప్ప చేపలతో నిండిన పెట్టెని ఆయనే లేవనెత్తాడు. భుజంలో 'ఠప్'మంది.

నొప్పి కాసేపు ప్రాణం తోడేసి సర్దుకుంది. చొక్కా మార్చుకోబోతూ మాత్రం అద్దం ముందు టక్కున ఆగాడు. కుడిచేతికి, మోచేతికి కాస్త పైన, నిమ్మకాయంత ఉండ!

"అదేంటండీ?" వెనకనుంచి సత్యవాణి.

పెట్టె ఎత్తానంటే ద్రాక్షారామం దాకా చీవాట్లే. "కండ. కసరత్తు చేస్తున్నాలే."

"ఎప్పుడూ?"

"నువ్వు లేవకముందు."

సత్యవాణి మొహం వెలిగిపోయింది. కారెక్కగానే తమ్ముడు సురేష్‌బాబుకి ఫోన్ చేసింది. అతను అమలాపురంలో జిమ్ పెట్టి, వచ్చేవాళ్ళు లేక ఈగలు తోలుకుంటున్నాడు. దారిలో కారాపించి మరీ ఫొటో తీశాడు.

"ఒక్క చెయ్యే పెరిగిందేంటి బావగారూ?"

"ఎడమది వచ్చే నెల మొదలెడతా."

ఆ వారంలోనే రాజోలు సెంటర్లో జిమ్ ఫ్లెక్సీ లేచింది. 'ఏభై దాటినా ఇలా! మరి మీరు?' అన్న అక్షరాల పక్కన పోతురాజు చెయ్యి, మనిషికన్నా పెద్దదిగా. ఇక దారినపోయే ప్రతివాడూ ఆగి నొక్కి చూడడమే. పడవపందెం కమిటీవాళ్ళు వచ్చి, "ముందు తెడ్డు మీదేనండి," అని ఖాయం చేసుకు వెళ్ళారు. పక్కింటి శ్యామలాంబగారు బిగుసుకుపోయిన ఆవకాయ సీసా పట్టుకొచ్చారు. పోతురాజు ఎంత పళ్ళు బిగించినా అరచెయ్యి తిరగలేదు. "నా బలానికి సీసా పగులుద్దేమోనండి," అని తిరిగి ఇచ్చేశాడు. ఆవిడ గుమ్మం దిగకుండానే మూత తీసేసుకున్నారు.

ఆ రోజునుంచి ఆయనకి కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని. ఇది గడ్డేమో? ఎవరికి చెప్పుకోవాలి? ఊరంతా చప్పట్లు కొడుతోంది!

అంతలో సురేష్‌బాబు పరుగున వచ్చాడు. "బావగారూ! ఎముకల డాక్టరు ప్రిస్కిల్లాగారు ఫ్లెక్సీ చూసి ఫోన్ చేశారు. ఆ చేతిని వెంటనే చూడాలంట. జిమ్‌లో చేరతారేమో!"

సత్యవాణి పట్టుచీర కట్టుకుని బయల్దేరింది.

డాక్టరు గారు చెయ్యి పట్టుకుని చూసి, "ఏం బరువెత్తారండీ? ఠప్‌మని శబ్దం వచ్చిందా?" అన్నారు.

"వచ్చిందండి," అన్నాడు పోతురాజు, భార్యవైపు చూడకుండా.

"ఇది పెరిగిన కండ కాదండి, తెగింది. పైనున్న బైసెప్స్ కండరానికి భుజం దగ్గర రెండు మొదళ్ళు. ఒకదాని స్నాయువు తెగి, కండ కిందకి జారి ఉండకట్టింది."

"నరం తెగిందాండీ?"

"నరం కాదు. కండని ఎముకకి కట్టే తాడులాంటిది."

"మరి చెయ్యి మడవగలుగుతున్నానే?"

"దాని అడుగున బ్రేకియాలిస్ అని ఇంకో కండరం ఉందండి. మోచెయ్యి మడిచేది ముఖ్యంగా అదే. ముంజేతి కండరం ఒకటి సాయం వస్తుంది. అందరూ చూపించుకునే ఈ పైకండకి అరచెయ్యి తిప్పడం పెద్ద పని. మూతలు తియ్యడం కష్టంగా లేదూ?"

పోతురాజు తలొంచుకున్నాడు. "గడ్డ కాదు కదండీ?"

"కాదు. స్కాన్ చూద్దాం. ఈ వయసులో చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు, వ్యాయామం చాలు. ఇప్పట్లో బరువులూ తెడ్లూ వద్దు."

సురేష్‌బాబు ఫోన్ చెవికి పెట్టుకుని మెల్లగా బయటికి జారుకున్నాడు, ఫ్లెక్సీ దింపించడానికి.

తిరిగి కారెక్కారు. పోతురాజు చీవాట్లకి సిద్ధమై కూర్చున్నాడు. సత్యవాణి ఆయన కుడిచేతిని నెమ్మదిగా తన ఒళ్ళోకి తీసుకుంది.

"గడ్డేమోనని ఇన్నాళ్ళూ ఒక్కరే భయపడ్డారా?"

"ఊఁ."

"నాలుక్కి మాత్రం భయం లేదులెండి. నరం లేనిది, తెగడానికి ఏముంది?"