పొగగొట్టం తెచ్చిన బంధువు

"బంధుత్వం రక్తంలో ఉండదండీ! రాకపోకల్లో ఉంటుంది!"

లండన్ శివారు హేస్‌లో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని తెలుగు సంఘం వారు జరిపిన ఉగాది సభలో డాక్టర్ అచ్యుత్ గారు ఈ మాట అనగానే, వెనక వరుసలో పులిహోర తింటున్నవాళ్లు కూడా ప్లేట్లు ఒళ్లో పెట్టుకుని చప్పట్లు కొట్టారు. సంఘం అధ్యక్షులు సాయినాథ్ గారైతే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కొట్టరా మరి! తుడుచుకోరా మరి! ఆ డాక్టరు గారు జనవరి నుంచి ఒక్క ఆదివారం కూడా తప్పకుండా కేంబ్రిడ్జ్ వెళ్లి, కొడుకు దగ్గర ఉంటున్న తన పిన్ని శేషమ్మ గారిని చూసి వస్తున్నారు. వాన పడినా వెళ్లారు, మంచు పడినా వెళ్లారు. ఈ రోజుల్లో సొంత తల్లినైనా అలా చూసేవాళ్లున్నారా? వేసవి సభలో ఇచ్చే 'బాంధవ్య భూషణ' బిరుదు ఈ ఏడు అచ్యుత్ గారికేనని సాయినాథ్ గారు అక్కడికక్కడే ప్రకటించేశారు.

ఆ బిరుదు మీద అచ్యుత్‌కి ఐదేళ్లుగా కన్నుంది. పోయినేడు అది, తోడల్లుడి తమ్ముడి గృహప్రవేశానికి స్కాట్లండ్ దాకా వెళ్లొచ్చిన ఒక పళ్ల డాక్టరుకి పోయింది. ఆ రోజు అచ్యుత్‌కి అన్నం సహించలేదు.

అయితే నిజం చెప్పుకోవాలి. కిందటి డిసెంబరు దాకా పిన్ని ఏ ఊళ్లో ఉందో ఫోన్లో వెతుక్కుంటే గాని అతను చెప్పలేకపోయేవాడు. ఆరేళ్లలో ఆవిడకి అతను పంపింది పండగలకి ఫోన్లో దీపాల బొమ్మలు, అవీ ఎవరో తనకి పంపితే అటు తోసినవి. అలాంటివాడికి ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందంటే, కారు డాష్‌బోర్డు మీద నుంచి!

అది పదేళ్ల నాటి డీజిల్ కారు. అచ్యుత్ జీపీగా, అంటే పేట డాక్టరుగా పనిచేసే క్లినిక్కు, అక్కడివాళ్ల మాటలో సర్జరీ, ఇంటికి ముప్పావు మైలు. ఆ ముప్పావు మైలూ కార్లోనే వెళ్లి, కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి పేషెంటుకీ "రోజూ నలభై నిమిషాలు నడవండి, లేకపోతే నాళాలు పూడుకుపోతాయి" అని చెప్పి, మళ్లీ కార్లోనే ఇంటికి వచ్చేవాడు. జనవరి మొదటి వారంలో డాష్‌బోర్డు మీద పసుపు దీపం ఒకటి వెలిగింది. రెండో వారానికి కారు మెట్లెక్కిన ముసలాయనలా ఆయాసపడసాగింది.

మెకానిక్ గుర్‌దీప్ కారు కిందికి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ రోగనిర్ణయం చేశాడు.

"డాక్టర్ సాబ్, పొగగొట్టంలో పొగని శుద్ధిచేసే కన్వర్టరూ పూడింది, మసి పట్టే ఫిల్టరూ పూడింది. బండికి వ్యాయామం లేదు."

"ఏదైనా మందు పోస్తే?"

"ఆ స్టేజి దాటిపోయింది. అలవాట్లు మార్చాలి. వారానికోసారి మోటర్‌వే ఎక్కించండి. నాలుగో గేరు, గంటకి అరవై మైళ్లకి తగ్గకుండా, నలభై నిమిషాలు. ఆ వేడికి మసి దానంతటదే కాలిపోతుంది."

ఈ ధోరణి ఎక్కడో విన్నట్టే అనిపించింది అచ్యుత్‌కి.

"కొందరు ఆ ఫిల్టరు ఉండే డబ్బా కోయించి, లోపలిదంతా పీకించేసి, మళ్లీ అతికిస్తారు," అన్నాడు గుర్‌దీప్. "బయటికి డబ్బా మామూలుగానే కనిపిస్తుంది. చట్టం ఒప్పుకోదు. నేను చెయ్యను."

"ఛ ఛ! రోడ్డు మీద నడిచే పిల్లల ఊపిరితిత్తులు ఏమైపోవాలి!" అన్నాడు అచ్యుత్, డాక్టరు కనక.

ఇక మిగిలిన సమస్య ఎక్కడికి వెళ్లాలన్నది. నలభై నిమిషాలు ఊరికే వెళ్లి ఊరికే రావడం చదువుకున్నవాళ్లు చేసే పనిలా ఉండదు. "ఈస్ట్ హామ్‌లో మా అక్కావాళ్లింటికి వెళ్దామండీ," అంది భార్య హైమ. "దారి పొడుగునా సిగ్నళ్లే! రెండో గేరు దాటం," అన్నాడు అచ్యుత్. ఆ రోజు భార్యాభర్తలిద్దరూ కూర్చుని బంధువులందరినీ రోడ్ల వారీగా పరిశీలించారు. లూటన్ మామయ్య మరీ దగ్గర, లీడ్స్ అత్తయ్య మరీ దూరం. కేంబ్రిడ్జ్ పిన్ని కొలిచినట్టు సరిపోయింది!

తలుపు తీసిన శేషమ్మ నిర్ఘాంతపోయింది.

"ఏరా అచ్యుతూ! నువ్వేనా? ఎవరికైనా ఏమైనా అయిందా?"

"లేదు పిన్నీ. నిన్ను చూద్దామని."

ఆవిడ కళ్లు చెమర్చాయి. కొంగుతో ఒత్తుకుని, వాకిట్లోకి చూసింది. "ఇంజను ఆపలేదేమిట్రా?"

"చలి కదా పిన్నీ, లోపల వెచ్చగా ఉంటుందని."

"లోపల ఎవరున్నార్రా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా కాఫీ పెట్టడానికి వెళ్లింది.

ఆవిడ కొడుకు కృష్ణచైతన్య సైన్సు పార్కులో పనిచేస్తాడు. ఆదివారం కూడా ల్యాబే. కోడలు పిల్లల్ని ఈతకీ డాన్సుకీ తిప్పుతుంటుంది. ఆదివారమంతా ఆవిడ ఒక్కతే ఉండేది. ఇప్పుడు శనివారమే పెసలు నానబోసి, పొద్దున పదింటికల్లా కిటికీ దగ్గర కుర్చీ వేసుకునేది. అచ్యుత్ వచ్చి, పెసరట్లు తిని, వచ్చేటప్పుడు మసి పూర్తిగా కాలలేదనిపిస్తే ఆవిణ్ణి కూడా కూర్చోబెట్టుకుని పెద్ద రోడ్డు మీద ఒక రౌండు తిప్పేవాడు. ఇంజను చెవులు చిల్లులు పడేలా అరిచేది.

"భయంగా ఉందా పిన్నీ?"

"భయమెందుకురా! ఇంకాస్త తొక్కు. గేరు మాత్రం మార్చకు!"

ఈ వయసులో ఎంత హుషారని అచ్యుత్ మురిసిపోయాడు. ఒకసారి ఆవిడ మోకాలు చూపించి నొప్పిగా ఉందిరా అంది. "మీ జీపీకి పొద్దున్నే ఎనిమిదింటికి ఫోన్ చెయ్యి పిన్నీ. ఎవరైనా మానుకుంటే చూస్తారు," అని మంచి సలహా ఇచ్చి మూడో పెసరట్టు తిన్నాడు.

పసుపు దీపం ఆరింది. ఉగాది వచ్చింది, బిరుదు ఖాయమైంది. దాని వెనకే క్రికెట్ సీజను కూడా వచ్చింది! డాక్టర్ల టీము ఆడేది ఆదివారాలే. విమానాశ్రయం పక్క గోడౌన్ల వెనక ఒకాయన గంటలో డబ్బా ఖాళీ చేసిస్తాడని టీములోనే ఎవరో చెప్పారు. జూన్‌లో అచ్యుత్ ఆ ఆపరేషను చేయించేశాడు. పిల్లల ఊపిరితిత్తులు ఆ గంటసేపూ గుర్తు రాలేదు. కారు కోడెదూడలా పరుగెత్తింది. నల్లటి పొగ వచ్చేది గాని, అది వెనక వచ్చేది కనక అతనికి కనబడేది కాదు.

"పిన్నీ, వీకెండ్ డ్యూటీ రోటా పడింది. ఈ వారం రాలేను."

"ఆదివారం కూడా సర్జరీ తీస్తున్నారా?"

"కొత్తగా పెట్టారు."

పై వారమూ రోటాయే, ఆ పై వారమూ రోటాయే. మూడోసారికి ఆవిడ, "సరేలే నాయనా. పెసలు నానబోశాను. ఫ్రిజ్‌లో పెడతాను," అంది. అచ్యుత్‌కి గుండెలో ఎక్కడో చివుక్కుమంది. ఇంతలో బ్యాటింగుకి పిలిచారు.

జులైలో సభ. అచ్యుత్‌ని ఆశ్చర్యపరచాలని సాయినాథ్ గారు శేషమ్మని కేంబ్రిడ్జ్ నుంచి పిలిపించి, చేతికి పూలగుత్తి ఇచ్చి, కారు పార్కులోనే నిలబెట్టారు. అచ్యుత్ కారు గేటు దగ్గర ఎత్తు ఎక్కుతూ బుస్సుమని నల్ల మబ్బొకటి వదిలింది. శేషమ్మ దాన్ని పరీక్షగా చూసి, పూలగుత్తి ఇచ్చింది.

శాలువా కప్పారు. బిరుదు చదివారు. "ఇప్పుడు పిన్ని గారు రెండు మాటలు చెబుతారు!" అన్నారు సాయినాథ్ గారు. శేషమ్మ మైకు పట్టుకుంది.

"మా ఆయన తణుకు ఆర్టీసీ డిపోలో ముప్పయ్యేళ్లు మెకానిక్కు చేశారండీ. అప్పట్లో బండికి మసి పడితే హైవే మీద తొక్కి తీసుకురమ్మనేవారు. మావాడు మొదటి ఆదివారం బండి ఆపకుండా లోపలికొచ్చాడు. అప్పుడే అర్థమైంది, వీడు నా కోసం రాలేదు, గొట్టం పూడి వచ్చాడని. మిగతాది మనవరాలు ఫోన్లో చూసి చెప్పింది."

హాల్లో నవ్వులు. అచ్యుత్ శాలువా సర్దుకున్నాడు.

"గొట్టం కోసమైతేనేం, వచ్చాడు కదా! వాడి గొట్టం ఇప్పుడప్పుడే బాగుచెయ్యకు స్వామీ అని రోజూ దండం పెట్టుకున్నాను. నాకు ఆదివారాలు అంత బాగా గడిచాయి. మూడు వారాలుగా రావడం మానేశాడు. ఇందాక పొగ చూశాక తెలిసింది, డబ్బా ఖాళీ చేయించాడని. బిరుదు ఇవ్వండి, నేనేం వద్దనను. శాలువా కూడా మంచిదే."

నవ్వులు ఆగిపోయాయి. అచ్యుత్ సిగ్గుతో కుంచించుకుపోయి, ఎవరు ముందు కేకలేస్తారా అని చూశాడు. ఒక్కరు కూడా అతని వంక చూడలేదు! అందరూ దీర్ఘాలోచనలో ఉన్నారు. సాయినాథ్ గారు మైకు పక్కకి పెట్టి, ఆవిడ చెవి దగ్గర వంగారు.

"ఆంటీ, మీ పోస్ట్‌కోడ్ ఏమిటండీ?"

ఆయన వెనక అప్పటికే ఆరుగురు నిలబడ్డారు.

రెండు వారాల తర్వాత అచ్యుత్ కారుకి ఏటా చేయించే ఎమ్‌ఓటీ పరీక్ష వచ్చింది. గుర్‌దీప్ ఆ డబ్బాని స్పానరుతో కొట్టాడు. ఖంగుమంది. "సాబ్, ఇందులో ఏమీ లేదు. ఇలా పాస్ చెయ్యలేను," అన్నాడు. కొత్త ఫిల్టరూ కొత్త కన్వర్టరూ వేస్తే గాని సర్టిఫికెట్ చేతికి రాలేదు. "ఈసారి వారం వారం తప్పకూడదు," అని మళ్లీ రాసిచ్చాడు.

అచ్యుత్ పిన్నికి ఫోన్ చేశాడు.

"పిన్నీ, తప్పయిపోయింది. ఈ ఆదివారం వస్తాను. నిజంగా నిన్ను చూద్దామనే."

"నిజమేనేమోలే నాయనా. కానీ ఈ ఆదివారం సాయినాథ్ గారొస్తున్నారు. ఆయనది నీ బండి కంటే పాతది. పై వారం ఎవరో పళ్ల డాక్టరుట, ఆయనకిచ్చాను." కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "రోటా నిండిపోయిందిరా. నీకు సెప్టెంబరు మూడో ఆదివారం రాసుకోనా?"

"అంతదాకానా! ఈలోగా దీపం వెలిగితే?"

"మరీ అర్జంటయితే పొద్దున్నే ఎనిమిదింటికి ఫోన్ చెయ్యి," అంది శేషమ్మ. "ఎవరైనా మానుకుంటే చూస్తాను."